పథ్యం తప్పిన మరునాడు

మాస్తిలో జరిగిన ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



తమిళం మాట్లాడే ఇంట పుట్టి, కన్నడ చిన్నకథకు కీర్తి తెచ్చిన మాస్తి వెంకటేశ అయ్యంగారి వల్ల ఈ ఊరి పేరు దేశమంతటికీ తెలిసింది. కన్నడంలో పలకరించి తెలుగులో కుశలమడగడం మనకిక్కడ వింత కాదు. ఆ రెండు భాషల మధ్య కాగితాలను మార్చడమే పురపాలక కార్యాలయంలో నా ఉద్యోగం. నేను వైద్యురాలిని కాను. అయినా బరువు తగ్గడం గురించి మాట్లాడేందుకు అంగీకరించడానికి ఒక కారణం ఉంది.

రెండేళ్ళ క్రితం మధుమేహ నివారణ గురించిన కరపత్రం ఒకటి కన్నడం నుండి తెలుగులోకి అనువదించాను. నడుము చుట్టుకొలత మన దేశంలో స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని అందులో ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో కుట్టుమిషను దగ్గరి టేపుతో కొలుచుకున్నాను. 91 వచ్చింది. మా అమ్మ మధుమేహం వల్ల కాలి వేళ్ళు రెండు పోగొట్టుకున్న మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాటి నుండి పథ్యం మొదలుపెట్టాను. ఐదు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. అంతలో ఉగాది వచ్చింది. ఆనాడు నెయ్యి పోసుకొని ఓళిగలు ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు. మరునాడు వర్షతొడకు. ఆ రోజు మన ప్రాంతంలో మాంసం వండని ఇళ్ళు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. మూడవ నాటి ఉదయం తూకం చూసుకుంటే రెండు కిలోలు పెరిగి ఉన్నాను. శిక్షగా ఆ పూట ఫలహారం మానేశాను, మధ్యాహ్న భోజనమూ మానేశాను. సాయంత్రానికి ఆకలికి ఆగలేక బేకరీలో కూర్చొని చేతికందినదల్లా తిన్నాను. ఆపైన మనసులో ఒక మాట స్థిరపడింది: "ఎలాగూ చెడింది కదా." ఆ మాట నాలుగు నెలలు నాతో ఉంది. శ్రావణంలో మళ్ళీ తూకం చూసుకునే సరికి తగ్గిన ఐదు కిలోలూ తిరిగి వచ్చాయి.

తరువాత కాగితం మీద లెక్క వేసి చూశాను. మీరూ వేసి చూడండి. ఒక కిలో కొవ్వు శరీరంలో చేరడానికి సుమారు 7700 కేలరీలు అదనంగా కావాలి. పండుగ రెండు రోజుల్లో రోజుకు 1500 చొప్పున 3000 కేలరీలు ఎక్కువ తిన్నామనుకుందాం. అది మొత్తం కొవ్వుగా మారినా 400 గ్రాములు దాటదు. మరి తూకంలో కనిపించిన రెండు కిలోల మాటేమిటి? అందులో అధిక భాగం నీరు. పిండి పదార్థాలను శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు నిలుస్తుంది. ఉప్పు కూడా నీటిని నిలుపుతుంది. ఇంకా జీర్ణం కాని ఆహారం బరువు వేరే. మామూలు భోజనానికి వస్తే ఈ బరువు కొద్ది రోజుల్లో తనంత తాను దిగిపోతుంది.

ఇక రెండవ లెక్క. పండుగ తరువాతి నాలుగు నెలలు రోజుకు 300 కేలరీలు మాత్రమే ఎక్కువ తిన్నా, 120 రోజులకు 36,000 అవుతుంది. అంటే దాదాపు నాలుగున్నర కిలోలు. శరీరం కాగితం మీది లెక్కను తుచ తప్పకుండా పాటించదు. అయినా నష్టం ఎక్కడ జరిగిందో తెలిసింది. ఓళిగలు చేసిన నష్టం అరకిలో లోపు. మిగిలినదంతా "ఎలాగూ" అన్న మాట చేసింది.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కళాశాల విద్యార్థినులపై ఒక ప్రయోగం జరిపారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, తరువాత ఐస్‌క్రీము రుచి చూసి చెప్పమన్నారు. తిండి విషయంలో పట్టింపు లేనివారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. ఎల్లప్పుడూ తిండిని కట్టడి చేసుకొనేవారు మాత్రం మిల్క్‌షేక్ తాగాక మరింత ఎక్కువ తిన్నారు. నియమం ఒకసారి తప్పిందనుకోగానే వారిలో కట్టడి సడలిపోయింది. కడుపు నిండినా చేయి ఆగలేదు.

భాష చదువుకున్నదాన్ని గనుక ఇక్కడ ఒక మాట చెబుతాను. మనం పథ్యం అంటే నోరు కట్టుకోవడమని అనుకుంటాం. కాని ఆ పదం 'పథ' నుండి వచ్చింది, పథమంటే దారి. దారికి తగినది పథ్యం. మాలూరు నుండి మాస్తికి వచ్చే బస్సులో కునుకు పట్టి దిగవలసిన చోటు దాటిపోయామనుకోండి. తరువాతి స్టాపులో దిగి వెనక్కు వస్తాం. ఎలాగూ దాటిపోయామని చివరి స్టాపు దాకా కూర్చోము. మళ్ళీ మాలూరు వెళ్ళి ప్రయాణాన్ని మొదటి నుండి ఆరంభించము కూడా.

శ్రావణంలో నేను దిగులుపడుతుంటే మా అమ్మ అన్న మాట ఇది: "పండగనాడు నేనూ ఓళిగ తింటిని కదమ్మా. మర్నాడు నా సంగటి నేను తింటిని. దానికింత ఆలోచన ఎందుకు?" ఇన్సులిన్ తీసుకొనే మనిషికి "ఎలాగూ" అనుకొనే వెసులుబాటు లేదు. అందుకే ఆమెకు మరునాడు ఎప్పుడూ మామూలు రోజే.

ఆ మాట పట్టుకొని నేను ఆచరిస్తున్నవి నాలుగు.

మొదటిది, ఎక్కువ తిన్న తరువాతి పూట ఉపవాసం చేయను. వేళకు మామూలు భోజనం చేస్తాను. ఒక చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, మజ్జిగ. రాగి మంచిదే, అందులో సున్నం, పీచు సమృద్ధిగా ఉన్నాయి. అయినా అదీ ధాన్యమే గనుక ముద్ద పరిమాణం చూసుకోవాలి.

రెండవది, సోమవారం రావాలని, నెల మొదటి తేదీ రావాలని ఎదురు చూడను. వచ్చే పూటతోనే మొదలు.

మూడవది, విందు మరునాడు తూకం ఎక్కను. వారానికొకసారి, ఒకే రోజున, ఒకే వేళకు చూసుకుంటాను.

నాలుగవది, ఆ రోజు మామూలుగా నడిచేంత నడుస్తాను. తిన్నది అరిగిపోవాలని రెట్టింపు నడిచి, మరునాడు కాళ్ళనొప్పులతో మానుకోను.

ఇంట్లో వారికి ఒక విన్నపం. విస్తరి ముందు "ఇంకొక్కటి" అని బలవంతపెట్టి, మరునాడు "నీ పథ్యం ఏమైంది?" అని నవ్వకండి. పథ్యం తప్పిన మనిషికి తన తప్పు ముందే తెలుసు. వారికి కావలసినది వేళకు పెట్టే మామూలు అన్నమే.

రెండు హెచ్చరికలు కూడా చేయాలి. ఇన్సులిన్ లేదా చక్కెర మాత్రలు వాడేవారు తిన్నది సరిచేయాలని సొంతంగా భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యుని అడగనిదే ఆ పని చేయకూడదు. ఇక కొందరికి పండుగతో పని లేకుండా, తరచుగా, చాటుగా, ఆపుకోలేక తినడం జరుగుతుంది. తిన్నాక సిగ్గు, దుఃఖం కలుగుతాయి. అది చికిత్స ఉన్న రుగ్మత, దానికి సిగ్గుపడనక్కరలేదు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్ల పైచిలుకు. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితంగా చేస్తారు. దయచేసి చేయించుకోండి.

నా నడుము ఇప్పుడు 85 సెంటీమీటర్లు. 80కి ఇంకా రాలేదు. ఈ ఏడాది ఉగాదికి మూడు ఓళిగలు తిన్నాను, వర్షతొడకు కూడా వదలలేదు. మూడవనాడు ఉదయం మా అమ్మతో కలిసి వేళకు సంగటి తిని కార్యాలయానికి వెళ్ళాను.