గంప కింది గుడ్డు

పొద్దున్నే గంప ఎత్తితే గడ్డిలో వెచ్చటి గుడ్డు. గంభీరావుపేటలో ఎన్నో ఇళ్లలో ఇది మామూలే. మరి దాన్ని తింటే ప్రాణం తీసినట్టా? పుంజు కలవని పెట్ట గుడ్డును ఎన్నాళ్లు పొదిగించినా పిల్ల రాదు. పుంజు కలిసినా 21 రోజుల పొదుగు కావాలి. నన్నడిగితే అసలు చూడాల్సింది పెట్ట ఒంటిని. మేతలో సున్నం చాలకపోతే పెంకు కోసం దాని ఎముకలే అరుగుతాయి. నాటుకోడి కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఆ కాస్త విరామమే దానికి ఊపిరి. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం తీర్చిదిద్దిన గ్రామప్రియ రకం కోడి అంతకంటే చాలా ఎక్కువ పెడుతుంది. దానికి గుప్పెడు నూకలు చల్లి ఊరుకుంటే ఎట్లా? అట్టు వేసుకున్నాక పెంకులు పారేయకండి. ఎండబెట్టి, మెత్తగా నలిపి, తౌడులో కలిపి పెట్టండి.