పల్లెబడిని విడువని పంతులు

(రజతోత్సవ సభయందు ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ప్రసంగము)



"ముప్పది యేండ్లు పల్లెబడిలోనే ఏల యుండిపోయితిరి?" అని నన్ను పలువు రడుగుచుందురు. మన హనుమాన్ జంక్షనునుండి విజయవాడకు, ఏలూరుకు, గుడివాడకు, నూజివీడుకు బస్సులున్నవి. వెడలిపోదలచినవానికి దారి కొఱత లేదు. నేనును రెండుమారులు బదిలీకి దరఖాస్తు వ్రాసి చింపివేసితిని.

జీతము కొఱకు కాదని గొప్పలు చెప్పను. నెలజీతము, పింఛను మమ్ము నిలుపునవే. అయితే 2004 సెప్టెంబరు నుండి చేరినవారికి పాత పింఛనుకు మారుగా వాటాల పింఛను వచ్చినది. అయినను వారిలో పలువురు నిలిచియే యున్నారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో చేరి, 1911లో విరమించువరకు అక్కడనే బోధించిరి. పరిసరములందలి సవరల భాష నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసిరి. ఏటేట ఊరు మార్చువానికి అట్టి పని సాధ్యమగునా?

మేము అంతటివారము కాము. కాని ఊరెఱిగిన పంతులునకు తనపాటి విద్య యొకటి అబ్బును. నాట్లకాలమున ఏ బాలిక చెల్లెలి నెత్తుకొని ఇంట నుండిపోవునో, ఏ బాలునికి నల్లబల్లమీది అక్షరములు కనబడవో అతడెఱుగును. ఇది ఏ శిక్షణ కళాశాలలోను నేర్పరు. బదిలీయైన మరునాడు ఇది చెల్లని కాసు. క్రొత్త ఊరిలో మరల ఓనమాలు దిద్దుకొనవలెను.

ఆ విద్య నాకు ఆలస్యముగా వచ్చినది. చేరిన తొలియేట, నాట్లలో రెండు వారములు రాని బాలుని పేరు హాజరుపట్టీనుండి కొట్టివేసితిని. వాని నాయనమ్మ వచ్చి, "మా కోడలు మంచాన పడింది పంతులుగారూ, వీడే నారు మోశాడు. పేరు తీసేశారా?" అన్నది. మరల వ్రాసితిని. వాడు మాత్రము రాలేదు. నన్ను ఆ ఊరిలో నిలిపినది, నిజము చెప్పవలెనన్న, ఆ పేరే.

మీతో ఒక మాట. 2022లో పలు పల్లెబడులనుండి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించిరి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది. ఉత్తర్వులు వచ్చును, పోవును. పిల్లలు లేని బడిలో ఎంతటి అనుభవజ్ఞుడైనను దేనికి నిలుచును? మాకు శాలువలు కప్పుచున్నారు, సంతోషము; ఆ చేతితోనే మీ పిల్లవానిని మన ఊరిబడికి పంపుడు.

విరమించిన పిదప సాయంకాలములందు ఈ గ్రంథాలయమున కూర్చుండుచున్నాను. నిరుడొక బాలిక కథల పుస్తక మడిగినది. చందాపత్రమున తండ్రిపేరు చూచితిని: నేను కొట్టివేసిన పేరు. చందా పుస్తకములో దానిని నా చేతితోనే వ్రాసితిని.