ఒకటో తారీకు విలువ తెలిసినవాళ్లం



పేదరిక నిర్మూలన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఆర్థికవేత్తను కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా ఈ విషయంలో ఒక సంగతి మనకు బాగా తెలుసు. అదే ఒకటో తారీకు. నెల మొదట్లో ఇంత వస్తుందన్న నమ్మకం ఉంటే మందులు కొనుక్కోగలం, కిరాణా కొట్టువాడు అరువిస్తాడు, వడ్డీవ్యాపారి గడప తొక్కనక్కరలేదు. మన గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో కూలి మీద బతికేవారికి ఆ నమ్మకమే లేదు. వాన పడితే పొలం పని, లేకపోతే రైలెక్కి విజయవాడో, హైదరాబాదో, చెన్నయో పోవాలి. వెళ్లలేని ముసలివాళ్లు ఇంటి దగ్గర మిగులుతారు.

పింఛను యజమాని దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఆ రోజున పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. మరి మనలోనే కొందరు, పేదల పింఛను మాట వచ్చేసరికి "ఊరికే పంచిపెట్టి సోమరులను చేస్తున్నారు" అంటారు. మనది చేసిన సర్వీసుకు వచ్చేది, చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు, నిజమే. కానీ జీవితమంతా నాట్లు వేసి, మట్టి మోసిన మనిషిది సర్వీసు కాదా? సర్వీసు రిజిస్టరు లేదు, అంతే తేడా.

ఈ సాయాలు వృథా పోలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1995 ఆగస్టు 15న కేంద్రం నెలకు 75 రూపాయల వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. 2000లో ఆరు జిల్లాల్లో ఆరంభమైన వెలుగు పథకంలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఆడవాళ్లు సంఘాలు కట్టి, పొదుపు చేసి బ్యాంకు మెట్లెక్కారు. 2006లో ఉపాధి హామీ తొలి విడతలోనే మన జిల్లాకు వచ్చింది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలయింది. తిండి, చదువు, వైద్యం, ఇల్లు వంటివన్నీ కలిపి నీతి ఆయోగ్ వేసిన లెక్కలో, మన రాష్ట్రంలో 2015-16లో నూటికి సుమారు పన్నెండుగురు పేదలుంటే, 2019-21 నాటికి ఆరుగురయ్యారు.

ఆ మిగిలినవారిలో కొందరికి అడ్డు పడేది కాగితమే. ఆధార్‌లో ఒక పేరు, రేషను కార్డులో మరో పేరు. వయసు తప్పు. పనిచేసి అరిగిన వేళ్లకు వేలిముద్ర పడదు. లైఫ్ సర్టిఫికెట్ వేళ వేలిముద్ర పడకపోతే మనకే చెమటలు పడతాయి, చదువురాని ముసలమ్మ మాటేమిటి?

కనుక నా మనవి ఇది. వారానికి ఒక పూట మనలో ఇద్దరం వంతులవారీగా కూర్చుందాం. కాగితాల్లో పేర్లు సరిచూద్దాం, అర్జీ రాసిపెడదాం, రసీదు తీసుకోమని చెబుదాం, తేదీ నోటుబుక్కులో రాసుకుందాం. పైసా పుచ్చుకోవద్దు. ఫైలు ఎక్కడ ఆగుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఏడాదిలో పదిమందికి ఒకటో తారీకు రప్పించగలిగినా, మన సంఘానికి అంతకంటే గౌరవం లేదు.