కంప్యూటరుకు పూత

ఒంటికి పూసిన గంధము చలువ నిచ్చును. కంప్యూటరు ప్రాసెసరుపై పూయు థర్మల్ పేస్టు అట్టిది కాదు. అది చల్లబరచదు, వేడికి దారి చేయును.

ప్రాసెసరును, దానిపై బిగించు లోహపు దిమ్మయు నున్నగా కనబడినను, వాని నడుమ కంటికానని గుంటలలో గాలి నిలుచును. ఒకే కొలతలో రాగి ఉష్ణవాహకత సుమారు 400 అయినచో, గాలిది 0.026 మాత్రమే. ఆ గాలిని వెడలగొట్టుటయే పేస్టు పని. పేస్టు వాహకత గాలికన్న ఎక్కువైనను రాగికన్న చాల తక్కువ. కావున దళసరిగా పూసినచో అదియే అడ్డగును.

గాలియము అను లోహము కలిసిన ద్రవలేపనము వేడిని మిక్కిలి చురుకుగా కొనిపోవును. కాని అది అల్యూమినియమును తినివేయును, విద్యుత్తును ప్రసరింపజేయును. ఒక్క బొట్టు జారినను యంత్రము పాడుకావచ్చును. ఇంటి యంత్రమునకు విద్యుత్తును ప్రసరింపజేయని పేస్టే క్షేమము. ట్యూబుపై అంకె పెద్దదని మురియక, పాతది తుడిచి, బఠాణీగింజంత పెట్టి, సమముగా బిగింపుడు.