ఆపదలో సేవ: ఎవరి మాట ఎవరు వినాలి?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆపద సమయంలో సేవ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సేవ చేయమని మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వరద వచ్చిందని తెలిస్తే మసీదు ఆవరణలోనే పొయ్యి వెలిగించి దేగ్ ఎక్కించే జమాత్ మనది. అందుకే వేరే సంగతి ఎత్తుకుంటాను. పది శాఖలు, వంద సంస్థలు ఒకేసారి సాయానికి బయలుదేరినప్పుడు ఎవరి మాట ఎవరు వినాలి? అది ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో విజయవాడలో చూశాం.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలోనే అంత వరద లేదు. ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, నౌకాదళ హెలికాప్టర్లు, కార్పొరేషన్, రెవెన్యూ శాఖ అన్నీ దిగాయి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. డ్రోన్లతో ఆహారం జారవిడిచారు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. గుళ్లు, చర్చిలు, మసీదులు, కుల సంఘాలు, కాలేజీ కుర్రాళ్లు సరేసరి.

అయినా తొలి రోజుల్లో ఏం జరిగింది? ఫ్లైఓవర్ దగ్గర పొట్లాల మీద పొట్లాలు. లోపలి వీధుల్లో మేడలెక్కి కూర్చున్నవాళ్లకు తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. అది అన్నం కొరత కాదు. లోపలికి వెళ్లే పడవల కొరత, ఏ వీధికి ఎవరు వెళ్లారో రాసి పెట్టుకునే పుస్తకం కొరత. వార్డులవారీగా అధికారులకు బాధ్యత అప్పగించిన తర్వాతే పని గాడిలో పడింది.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. 1970లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వరుసగా కార్చిచ్చులు రేగాయి. 13 రోజుల్లో 16 మంది చనిపోయారు, 700కు పైగా కట్టడాలు కాలిపోయాయి. అక్కడ ఫైరింజన్లకు, డబ్బుకు కరువు లేదు. కానీ ఒక శాఖ వైర్‌లెస్ మాట ఇంకో శాఖకు వినబడలేదు. ఒకరు వాడే పదం ఇంకొకరికి అర్థం కాలేదు. ఒకే మంట దగ్గర ఇద్దరు ముగ్గురు అధికారులు తలో ఆజ్ఞ ఇచ్చారు. ఆ అనుభవం నుంచే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ అనే పద్ధతి పుట్టింది. దాన్నే మన పాలనా వ్యవస్థకు తగ్గట్టు మార్చి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. స్వచ్ఛంద సంస్థలను కలుపుకుపోవాలని కూడా ఆ చట్టమే చెబుతోంది.

ఆ పద్ధతి సారం చాలా తేలిక. ఒక ఘటనకు ఒకే నాయకుడు. ప్రతి మనిషికీ ఒకే పై అధికారి. ఒక్కొక్కరి కింద ముగ్గురి నుంచి ఏడుగురు వరకే ఉండాలి, ఐదుగురైతే మేలు. నాయకుడి కింద మూడు విభాగాలు. నీళ్లలోకి దిగి పని చేసేవాళ్లు ఒకరు. సమాచారం కూడగట్టి రేపటి పథకం వేసేవాళ్లు ఇంకొకరు. పడవ, డీజిల్, భోజనం, మందులు సమకూర్చేవాళ్లు మూడోవారు. వచ్చిన సరుకు, వచ్చిన మనిషి నేరుగా లోపలికి పోకుండా ముందు ఒకచోట చేరి, పేరు రాయించుకుని, ఎక్కడ అవసరమో అక్కడికే కదలాలి. బయటి సంస్థలతో మాట్లాడటానికి ఒక లైజన్ అధికారి ఉంటాడు. సిబ్బంది ప్రాణాలకు ముప్పు కనిపిస్తే పని ఆపించగల సేఫ్టీ అధికారి ఇంకొకడు.

ఇది మనకు కొత్త కాదు. ముగ్గురు ప్రయాణం కడితే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమని ప్రవక్త (స) నేర్పారు. జమాత్‌తో నమాజ్ చేసేటప్పుడు వెనక ఎంత పెద్ద ఆలిమ్ ఉన్నా ఇమామ్ కంటే ముందు రుకూకు వంగడు. మధ్యలో ఇమామ్ వుజూ భంగమైతే వెనక వరసలోంచి ఒకరు ముందుకు వచ్చి అక్కడి నుంచే కొనసాగిస్తారు. నాయకత్వం చేతులు మారినా నమాజ్ ఆగదు. రోజుకు ఐదుసార్లు పాటించే ఆ క్రమం వరద రోజున మాత్రం ఎందుకు మరిచిపోవాలి?

ఒక సందేహం రావచ్చు. అన్నింటికీ పైనుంచి మాట రావాలంటే ఈలోగా ప్రాణాలు పోవా? న్యాయమైన సందేహమే. అదే సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు వరదకు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేకపోయింది. హర్యానా నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్న ఒక డ్రైవర్ జేసీబీతో ప్రవాహానికి ఎదురెళ్లి అందరినీ ఒడ్డుకు చేర్చాడు. అలాంటి ధైర్యానికి ఎవరూ అడ్డు చెప్పరు, చెప్పకూడదు. కానీ ప్రతి వంతెన దగ్గరా అలాంటి మనిషి, అలాంటి బండి ఉంటాయని నమ్మి కూర్చోలేం కదా. ఏ వంతెన మునుగుతుందో ముందే చూసుకుని, బండిని, తాడును, లైఫ్ జాకెట్లను దగ్గర పెట్టడమే వ్యవస్థ పని. ఒడ్డున ఉన్న మనిషి చేతులు కట్టేసే వ్యవస్థ కాదు మనకు కావాల్సింది, ఆ చేతికి తాడు అందించే వ్యవస్థ.

ఇక దాతలుగా మీకు నా విన్నపాలు.

మొదటిది. వర్షాకాలం రాకముందే మన సంస్థ కలెక్టరేట్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఎంతమంది వాలంటీర్లు, ఎంతమందికి వండగలం, ఎన్ని బండ్లు, ఫోన్ ఎత్తే మనిషి ఎవరు, ఇవి ఒక కాగితం మీద ఉండాలి. ఆ ఎత్తే మనిషి ఒక్కడే ఉండాలి. ఆయన అందుబాటులో లేకపోతే ఎవరన్నదీ పక్కనే రాసి ఉండాలి.

రెండోది. ఊళ్లోని ఇతర సంస్థలతో ముందే వీధులు పంచుకోవాలి. వారి పేటలో మనం వండొచ్చు, మన పేటలో వారు పంచొచ్చు. ఆకలికి మతం లేదు, నీళ్లకు అసలే లేదు. మన బ్యానర్ కట్టిన బండి మన పేటకే పోవాలన్న పట్టుదల వద్దు.

మూడోది, కాస్త కష్టమైనది. "మా డబ్బుతో ఏం పంచారు, ఫోటో పంపండి" అని అడగడం మీ హక్కే. అయితే డీజిల్ ఫోటోకు అందంగా రాదు. లైఫ్ జాకెట్, టార్చి, జనరేటర్, వైర్‌లెస్ సెట్ కూడా అంతే. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు పోయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున మనవాళ్లు ఒకరినొకరు పిలుచుకునే దారి లేకపోతే వంద బస్తాల బియ్యం ఉన్నా గోడౌన్‌లోనే ఉంటుంది. జకాత్ సొమ్ము అర్హుల చేతికే చేరాలి కాబట్టి ఈ ఖర్చులు అందులోంచి పెట్టలేం. ఉలమాను సంప్రదించి, సదకా, సాధారణ విరాళాల నుంచి దీనికొక ప్రత్యేక నిధి పెడదాం. లెక్క మాత్రం పైసాతో సహా మీ ముందు ఉంచుదాం.

చివరిది. మన వాలంటీర్లు కుర్రాళ్లు. ఉత్సాహంతో మెడలోతు నీళ్లలోకి దిగిపోతారు. ఈత రానివాడిని, జాకెట్ లేనివాడిని వెనక్కి రమ్మనే అధికారం ఒకరికి ఇవ్వండి. ఆయన ఆగమంటే కార్యవర్గ సభ్యుడి కొడుకైనా ఆగాలి. సాయానికి వెళ్లిన బిడ్డ శవాన్ని వాళ్ల అమ్మకు అప్పగించే రోజు ఏ సంస్థకూ రాకూడదు.

వచ్చే వాన ఎప్పుడో మనకు తెలియదు. ఈలోగా ఈ నాలుగు పనులు చేసుకుంటే ఫ్లైఓవర్ దగ్గర ఆగిపోయిన పొట్లం ఈసారి చివరి వీధి దాకా చేరుతుంది. మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక, దాన్ని ఆకలిగొన్నవారి చేతికి చేర్చే తెలివిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.