ముందు సీట్లు, తర్వాత కోడు

స్టార్టప్ పెట్టాలనుకునే వెబ్ డెవలపర్ మొదట అడిగేది ఏ ఫ్రేమ్‌వర్క్ వాడాలని. నా లెక్కలో అది ఆఖరున రావలసిన ప్రశ్న. 2006లో బెంగళూరులో ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టిన ఫణీంద్ర సామ, ఆయన ఇద్దరు మిత్రులు ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు. వెబ్ ప్రోగ్రామింగ్ వాళ్లకు కొత్త. అంతకుముందు దీపావళికి ఇంటికెళ్లడానికి ఫణీంద్రకు బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీయో ఒక్కచోట తెలిసే దారి లేదు. ఒక్కో ఏజెంటు దగ్గర కొన్ని సీట్లు, ఆ లెక్కంతా ఫోన్లలో, కాగితాల మీద. చిక్కు అక్కడుంది, కోడులో కాదు. ట్రావెల్స్ యజమానులను ఒప్పించి సీట్లు తెచ్చుకోవడమే అసలు పని. 2013లో రెడ్‌బస్‌ను ఇబిబో అనే కంపెనీ కొనుక్కుంది.

తెలిసిన పాత సాధనాలతోనే మొదలుపెట్టమంటే, జనం పెరిగితే అవి తట్టుకోలేవు కదా అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌ను చూడండి. 2012లో ఫేస్‌బుక్ దాన్ని వంద కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించేనాటికి ఉద్యోగులు 13 మంది, వాడేవాళ్లు దాదాపు 3 కోట్లు. వెనక నడిచింది జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. రెండూ అప్పటికే బాగా నలిగినవే. నలిగిన సాధనంతో ఓ సుఖముంది: అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే, అదే తంటా ముందే పడ్డవాళ్లు చాలామంది ఉంటారు. మరి కొత్తవి నేర్చుకోకపోతే వెనకబడమా? నేర్చుకోవాల్సిందే, కానీ ఆ ఖర్చు మొదటి కస్టమర్ల నెత్తిన రుద్దకూడదు. (కస్టమర్‌తో వద్దనిపించుకోవడం కన్నా కొత్త ఫ్రేమ్‌వర్క్‌తో కుస్తీ హాయిగా ఉంటుందన్నది వేరే సంగతి.) చిప్ డిజైన్ చేసే కంపెనీకి, కృత్రిమ మేధ మోడల్ తయారుచేసే కంపెనీకి మాత్రం ఈ వాదన చెల్లదు, అక్కడ టెక్నాలజీయే సరుకు.