చేతిఖర్చు దయ కాదు, హక్కు

(గంభీరావుపేటలో బీడీ కార్మిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పొద్దున చాట పక్కన పెట్టి వచ్చారు. ఈ పూట బీడీలు ఆగినట్టే, కూలి పోయినట్టే. అందుకే సూటిగా మాట్లాడతాను.

తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి వెయ్యి బీడీలు లెక్కకు తెస్తే గాని మనకు కూలి లేదు. నాసిరకమని తీసేసినవి మన నష్టమే. ఆ పైసలతోనే మన పిల్లలు సిరిసిల్లలో, కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో చదువుతున్నారు.

ఇందాక ఒక అక్క నాతో అన్నది: "కొడుక్కు వెయ్యి పంపుతం, బిడ్డకు అయిదు వందలు. మొగపిలగాడు, నలుగురిల తిరుగుతడు గదా." నెలనెలా బిడ్డకు ప్యాడ్లకే ఎంతవుతుందని అడిగాను. "అది ఎన్నడూ అడగది" అన్నది. అడగనంత మాత్రాన అవసరం లేనట్టు కాదు. ఇంటి సంగతి తెలిసిన పిల్ల కనుక నోరు మూసుకున్నది.

2008–09 నుంచి అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఎందరో పేద పిల్లలు కాలేజీ గడప తొక్కారు. కాలేజీ ఫీజు కాలేజీకి, నిర్వహణ ఖర్చు విద్యార్థి ఖాతాకు రావాలి. కానీ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన సంగతి మనందరం చూశాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, సంతోషం. అయినా జిరాక్సు, రికార్డు పుస్తకం, పరీక్ష ఫీజు, ఫోన్ రీచార్జి, జ్వరమొస్తే మందులు ఎవరిస్తారు? ఆ కాస్త అందకనే పిల్ల టిఫిను మానేస్తుంది, తర్వాత క్లాసు మానేస్తుంది. అప్పుడు ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది.

హిందూ కుటుంబాలకు వర్తించే 1956 నాటి దత్తత, పోషణ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యమే కాదు, చదువు కూడా. తనను తాను పోషించుకోలేని పెళ్లికాని కూతురు మేజరైనా ఆమె పోషణ తల్లిదండ్రుల బాధ్యతే. తండ్రి దుబాయిలో ఉన్నా ఆ బాధ్యత తప్పదు. ఈ న్యాయం ఏ మతం ఇంట్లోనైనా ఒక్కటే కావాలి.

మరి మనం చేయాల్సిందేమిటి? బీడీ పైసలు పడ్డనాడే బిడ్డ వాటా తీసిపెట్టండి. నెలకు ఒకే తారీఖున, అన్న ఫోనుకు కాదు, ఆమె సొంత ఖాతాకే పంపండి. లెక్క అడిగితే ఇద్దరినీ అడగండి, లేదంటే ఇద్దరినీ అడగకండి. పండక్కి ఇంటికొచ్చినప్పుడు మన రాబడి ఎంతో, అప్పు ఎంతో ఇద్దరికీ చెప్పండి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్పు ఉంది. దానికి మీ గుర్తింపు కార్డే ఆధారం, దాన్ని పెట్టె అడుగున పడేయకండి.

చివరగా ఒక ప్రశ్న. మీ కూలి మీ ఖాతాలోనే పడుతోంది సరే, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? తల్లి చేతిలో తన కూలి లేనప్పుడు బిడ్డ చేతికి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు ఆ కార్డు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే వచ్చే సమావేశంలో చెప్పండి, అందరం కలిసి మీ ఇంటికి వస్తాం.